మిరుదొడ్డి దారిలో నల్లరాతి పునీతమ్మ

బందరులో

మా వీధిలో ఇటలీ వెళ్లి వచ్చినవాళ్లు లేరు. సిద్దిపేట వెళ్లి వచ్చినవాళ్లు కూడా లేరు. నేను రెండోది మాత్రం చేసి వచ్చాను. అయితే బయలుదేరింది మొదటిదాని కోసం. ఈ సంగతి అర్థం కావాలంటే ముందు ‘ఇటలీ ఆయన’ గురించి చెప్పాలి.

నేను డ్రాయింగు మేస్టరుగా పనిచేస్తున్న రోజుల్లో ఒక దొర స్వదేశం వెళ్లిపోతూ తన పుస్తకాలు కొన్ని మా బడికి ఇచ్చాడు. వాటిలో మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ శిల్పి ఒకాయన జీవితమూ, ఆయన చెక్కిన బొమ్మల ఫోటోలూ ఉన్న పుస్తకం ఒకటి. అట్ట ఊడిపోయింది కనుక ఎవరూ తీసుకోలేదు, నేను తీసుకున్నాను. ఆ కాలపు శిల్పులకు రాయి రాయిలా ఉండటం ఇష్టం లేదట. చెక్కిన బట్ట గాలికి ఎగరాలి, చెక్కిన జుట్టు చిక్కుపడాలి, చెక్కిన మనిషి ఇప్పుడే మెట్టు దిగబోతున్నట్టుండాలి. మన గుళ్లలో దేవుళ్లు వచ్చినవాళ్లను చూస్తూ నిలకడగా నిలబడతారు. ఇటలీ ఆయన బొమ్మలకు మనం వచ్చామన్న ధ్యాసే ఉండదు. వాళ్ల తొందర వాళ్లది.

నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి చదివాను. అసలు పేరు పలకడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక ఆయన ‘ఇటలీ ఆయన’ అయ్యాడు. నేను భోజనానికి ఆలస్యం చేస్తే మా ఆవిడ, “ఆయన్ని కూడా పిలవండి, ఇద్దరికీ ఒకేసారి వడ్డిస్తాను” అనేది.

యుద్ధం ముగిసిన శీతకాలంలో మా మేనల్లుడు రామ్మూర్తి సిద్దిపేట నుంచి వచ్చాడు. వాడు అక్కడ బట్టల కొట్టులో గుమాస్తా. అన్నం తింటూ, “మామయ్యా, మీ పుస్తకంలో బొమ్మలాంటిది మా మిరుదొడ్డి దారిలో ఒక పల్లెలో ఉందట. క్రైస్తవుల గుడి దగ్గర. వాళ్ల భక్తురాలు ఎవరో, పునీతమ్మ అంటారట. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, బట్టంతా గాలికి ఎగురుతూ... చూసినవాళ్లు చెప్పారు” అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఇటలీ నుంచి వచ్చిందా?” అని అడిగాను.

“ఇటలీ ఫాదరుగారిదే మరి” అన్నాడు వాడు.

అది నా ప్రశ్నకు జవాబు కాదని నాకు అప్పుడు తట్టలేదు. పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నవాడికి చాలా విషయాలు ఆలస్యంగా తడతాయి. ఆ రాత్రే డైరీలో ‘సిద్దిపేట ప్రయాణం నిశ్చయం’ అని రాసుకున్నాను. దుప్పటి, మరచెంబు, కొలత టేపు సర్దుకున్నాను. మా ఆవిడ ఊరగాయ జాడీ చేతికిచ్చి, ఆ దేశంలో చింతకాయ దొరుకుతుందో లేదో అని దిగులుపడింది.

బొగ్గు బస్సు

సికిందరాబాదు దాకా రైలు. రైలు గురించి రాయను, రైలు అందరికీ తెలుసు. అక్కడి నుంచి సిద్దిపేటకు బస్సు. పెట్రోలు కరువు వల్ల బస్సు వెనక కొలిమిలాంటి డబ్బా బిగించి బొగ్గుతో నడుపుతున్నారు. ఎత్తు వస్తే దానికి ఆయాసం వచ్చి ఆగిపోతుంది. అప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగి ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. మగవాళ్లందరూ దిగి నడుస్తారు. మా వైపు అయితే టిక్కెట్టు కొన్నవాడు నడవడమేమిటని పెద్ద తగువయ్యేది. ఇక్కడ బీడీలు కాల్చుకుంటూ, మక్కజొన్న పంట సంగతులు మాట్లాడుకుంటూ హాయిగా నడిచారు. ఎత్తు అయిపోగానే ‘అప్పుడేనా’ అన్నట్టు ఎక్కారు.

నా పక్కన ఒక పెద్దాయన ఒళ్లో మేకపిల్లతో కూర్చున్నాడు.

“ఏ ఊరు పంతులూ?”

“బందరు.”

“గదేడుంటది?”

“సముద్రం ఒడ్డున.”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “సముద్రం ఇడిసిపెట్టి గీడికేం పనిమీద వస్తున్నవ్?”

రాతిబొమ్మను చూడటానికి అన్నాను. ఆయన మేకపిల్ల వైపు వంగి, “ఇన్నవా, సముద్రం కాడ రాళ్లే లేవట” అన్నాడు. మేకపిల్ల ఆ మాటను పట్టించుకోలేదు కాని, నేను కిటికీలోంచి చూస్తున్న సమయంలో నా డైరీ మూల ఒకటి తిన్నది. అందుకే ఆ రోజు ఉదయం ఏం తిన్నానో ఈ కథనంలో లేదు.

నడుమ ఒక ఊళ్లో చాయ్ కోసం ఆపారు. మా వైపు కాఫీకి ఒక మర్యాద ఉంది. డికాక్షను వేరు, పాలు వేరు, ఎవరి ఇష్టం వారిది. ఇక్కడి చాయ్‌లో పాలు, చక్కెర, ఆకు అన్నీ పొద్దుటి నుంచి ఒకే గిన్నెలో ఉడుకుతూ ఉంటాయి. నేను మా రూపాయి ఇచ్చాను. నిజాం రాజ్యంలో దాన్ని కల్దార్ అంటారు, వాళ్ల రూపాయి కన్నా విలువ ఎక్కువ. దుకాణదారు నేను అనుకున్నదానికన్నా చిల్లర ఎక్కువ ఇచ్చాడు. పొరపాటు పడ్డాడని తిరిగి ఇవ్వబోయాను. తక్కువ ఇచ్చాడని పేచీ పెడుతున్నాననుకుని ఆయన ఇంకొంత కలిపాడు. నేను మళ్లీ ఇచ్చాను, ఆయన మళ్లీ కలిపాడు. చివరికి డ్రైవరు వచ్చి, “సేటూ, పంతులూ, మీ ఇద్దరి మంచితనంతోని బండి సల్లారుతున్నది” అని నన్ను లాక్కుపోయాడు.

సిద్దిపేట

సిద్దిపేటలో రామ్మూర్తి ఉండే వీధి నేతపనివారిది. పొద్దున్నే మగ్గాల చప్పుడుకు మెలకువ వస్తుంది. మొదటిరోజు నాకు ఎవరో తలుపు తడుతున్నారనిపించి రెండుసార్లు లేచి తీశాను. వాకిట్లో నూలు ఆరబెడుతున్న ఆమె, “ఏమాయె పంతులూ, నీకు నిద్ర వడుతలేదా?” అని పలకరించింది.

మా వైపు ముక్కూమొహం తెలియని పెద్దవాణ్ణి ఏకవచనంలో పలకరిస్తే ఆ రోజు భోజనం సహించదు. ఇక్కడ ‘నువ్వు’ అనకపోతే పరాయివాణ్ణని అర్థం. మధ్యాహ్నం ఆమె పచ్చిపులుసు తెచ్చి ఇచ్చి, “కలుపుకొని సూడు” అంది. చారు కాచడం మరిచిపోయిందేమో అని నేను వేడి చేయమన్నాను. ఆ మాట సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్లింది. మర్నాడు నేను వీధిలో నడుస్తుంటే ప్రతి గడపలోంచీ, “పంతులూ, పులుసు కాగిందా?” అని అడిగారు.

రామ్మూర్తి నన్ను ఒక మగ్గం దగ్గరికి తీసుకుపోయి ఇక్కడి పేరుపడ్డ చీర చూపించాడు. దాని అంచంతా గొల్లభామలు: తలమీద కుండ, చేతిలో కర్ర, వేలెడంత మనిషి, ఒకరి వెనక ఒకరు నడిచిపోతూ. మా ఆవిడకు ఒకటి కొన్నాను. ధర అడిగి అలవాటుగా సగానికి బేరమాడాను. నేసినాయన కోపం తెచ్చుకోలేదు. “సగం పైసలకు సగం భామలనే ఇస్త. నడుముల దాకా ఇయ్యమంటవా, నడుముల కింద ఇయ్యమంటవా?” అన్నాడు. అడిగినంతా ఇచ్చాను.

సాయిలు బండి

మిరుదొడ్డి దారిలో పల్లెకు ఎడ్లబండిమీద వెళ్లాను. పల్లె పేరు రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో చివరిదాకా చదివినవారికి తెలుస్తుంది. బండివాడు సాయిలు అదే పల్లెవాడు. అలవికాని మాటకారి. నేను ఎందుకు వెళుతున్నానో చెప్పగానే ఎడ్లను అదిలించడం మానేసి నావైపు తిరిగి కూర్చున్నాడు.

“నోరు తెరిసిన అవ్వను సూడనీకొస్తున్నవా? మంచిగ సెప్తది పంతులూ. నా బర్రె తప్పిపోతే కోడిని గోసి అడిగిన. దొరికింది.”

“ఏమని చెప్పింది?”

“ఏం సెప్పలె. గది రాయి గదా. మేం ముందర కూసుంటం, మాకే సమజైతది.”

“ఇటలీ నుంచి వచ్చిన క్రైస్తవుల పునీతమ్మకు మీరు కోళ్లు కోస్తారా?”

సాయిలు జాలిగా చూశాడు. “ఇటలీ ఏంది పంతులూ? గామె మా కొమురవ్వ! వాగు అవతల ఊరు. శివసత్తి. మల్లన్న దేవుడు ఒంటిమీదికొస్తె గట్లనే తల ఎనుకకు వడేసి, నోరు తెరుస్తది. మా వీరాచారి గామెను సూసే చెక్కిండు. ఫాదరు దొరకు ఎర్కలేకుండె. గిప్పుడు ఎర్కయి లొల్లి వెడుతుండు. రేపు ముఖం చెక్కి మారుస్తరట.”

నేను బండిలో వెనక్కి వాలిపోయాను. బందరు నుంచి రైలు, బొగ్గు బస్సు, ఎడ్లబండి మారి నేను వచ్చింది వీరాచారి అనే ఆయన చెక్కిన వాగు అవతలి కొమురవ్వను చూడటానికి!

పందిరి కింద

ఫాదరుగారు సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉన్నారు. శత్రుదేశమైన ఇటలీవాడు కావడం వల్ల యుద్ధకాలంలో ఆయన్ని కొన్నాళ్లు కాపలాలో ఉంచి వదిలారట. ఆయన తెలుగు సగం బైబిలు నుంచి, సగం పల్లె నుంచి వచ్చింది. నన్ను చూడగానే, “ప్రియ సహోదరుడా, సమాధానము కలుగును గాక, జర కూసోండి” అన్నారు.

బొమ్మ గుడి ముందు పందిరి కింద నిలబెట్టి ఉంది. ఆదివారం పునీతమ్మ పండుగ. ఆ రోజు లోపల పెట్టాలి. నేను దగ్గరికి వెళ్లి చూశాను.

మొదట దిగులేసింది. నా పుస్తకంలోది మంచులాంటి పాలరాయి, ఇది గుట్టమీది నల్లరాయి. తరువాత ఆ దిగులు ఎటు పోయిందో తెలియలేదు. అదే నిలబడటం, అదే తల వాలడం. మోకాలు ఒకటి వంగబోతోంది. బట్ట ఎటునుంచో వచ్చిన గాలికి ఒక పక్కకు లేచిపోయి, ఇంకో పక్క తడిసినట్టు ఒంటికి అంటుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పిలుస్తోందా, ఊపిరి అందడం లేదా అన్నది చెప్పలేం. కొలత టేపు బయటికి తీసి, మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. కొలవడం అమర్యాద అనిపించింది.

వంగి చూస్తే ఆ ఎగిరే బట్ట అంచంతా వరసగా చిన్న చిన్న మనుషులు. తలమీద కుండ, చేతిలో కర్ర.

“అవి దేవదూతలు” అన్నారు ఫాదరుగారు మురిపెంగా. “నేను అడగకయే చెక్కియున్నాడు.”

అలాంటి దేవదూతలే ఒక వరస నా సంచిలో మడతపెట్టి ఉన్నాయి.

కోడికూర, రొట్టెల కథ

మధ్యాహ్నం భోజనానికి ఉపదేశి శౌరయ్య ఆకులు వేశాడు. ప్రార్థనలు చెప్పించేదీ ఆయనే, వంట చేసేదీ ఆయనే. నాకు అన్నం, పప్పు, మా జాడీలోని ఊరగాయ. ఫాదరుగారికి కోడికూర. ఆయన దానివైపు ప్రాణం విసిగినట్టు చూశారు.

“సహోదరుడా, నేను మీతో నిశ్చయముగా చెప్పుచున్నాను, ఈ కోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్నయి. దినదినము ఎవరో తెచ్చి పందిరి కింద పెట్టిపోతరు. నామీది ప్రేమతో ఇచ్చుచున్నారని నేను ఆనందించితిని. తరువాత తెలిసినది.”

“తెచ్చిన కోడిని కాదంటే వాళ్లు బాధపడతరు ఫాదర్” అన్నాడు శౌరయ్య, నెయ్యి రాసినట్టున్న ముఖంతో.

ఫాదరుగారు పెట్టెలోంచి ఒక మాసిన పోస్టుకార్డు తెచ్చి చూపించారు. చూసి నేను లేచి నిలబడ్డాను. నా పుస్తకంలోని బొమ్మ! ఇటలీ ఆయన చెక్కిన ఆ పునీతమ్మ ఫాదరుగారి సొంత ఊరి గుడిలో ఉందట. చిన్నప్పుడు ఆమె పాదాల దగ్గర కూర్చుని నిద్రపోయేవారట. ఆమెను చూసి ఎన్నో ఏళ్లయింది, ఇక చూస్తానో చూడనో అని ఈ పల్లెలో ఆమెను చేయించుకోవాలనుకున్నారు. పక్క ఊరి వీరాచారికి కార్డు చూపించి, దైవప్రేమ ఒళ్లంతా నిండి స్పృహ తప్పిన మనిషి ఎలా ఉంటుందో వివరించారు.

నేను ఇటలీ ఆయన గురించి తెలిసిందంతా చెప్పాను. తెలియనిది ఆయన చెప్పారు. ఆ శిల్పి రాళ్లు కొట్టేవాడి కొడుకట. దొరలతో పడేది కాదట. ఆ పునీతమ్మ ముఖం నిజానికి ఆ ఊళ్లో రొట్టెలు అమ్మే ఆమెదట. బొమ్మ గుడిలో పెట్టిన రోజున ఊరంతా గుర్తుపట్టి గొల్లుమన్నారట. పెద్ద గురువు ముఖం మార్చమన్నాడట. శిల్పి ఇదిగో అదిగో అంటూ చచ్చిపోయేదాకా దాటవేశాడట. “ఇప్పటికిని మా ఊరివారు ‘మా రొట్టెలమ్మ’ అని ముద్దుగా పిలుచుచున్నారు” అని నవ్వారు. ఆ నవ్వులో ఆయన పదేళ్లవాడిలా ఉన్నారు.

“మరి ఇక్కడ కూడా అదే కదా జరిగింది?” అన్నాను నేను.

ఆయన నవ్వు ఆగిపోయింది. “అది వేరు” అన్నారు. “రొట్టెలమ్మ కోళ్లు కోయించలేదు.”

ఆ తరువాత గంభీరంగా చెప్పారు. జనం తన పునీతమ్మకు కాదు, కొమురవ్వకు మొక్కుతున్నారు. గుడిలో అది కుదరదు. రేపు వీరాచారి వచ్చి ముఖం మార్చాలి, లేకపోతే బొమ్మ లోపలికి రాదు. కొమురవ్వను ఆయన ఎప్పుడూ చూడలేదు, పేరు మాత్రం విన్నారు.

వాగు అవతల

సాయంకాలం సాయిలు నన్ను వాగు దాటించి వీరాచారి కొట్టానికి తీసుకుపోయాడు. నలభై ఏళ్ల మనిషి, చేతులకూ కనురెప్పలకూ రాతిపొడి. సగం చెక్కిన హనుమంతుడి పక్కన తలపట్టుకుని కూర్చున్నాడు.

“ఇటలీ బొమ్మ సూడనీకొచ్చిన పంతులు గీయననే” అన్నాడు సాయిలు. “గీయనకు పులుసు కాగవెట్టి పోయాలె.” ఆ వార్త అక్కడికి కూడా చేరింది.

వీరాచారి నవ్వలేదు. “నువ్వే జెప్పు అయ్యా. ఫాదరు దొర ఏమన్నడు? దేవుడు ఒంట్ల నిండాలె, సోయి తప్పాలె, తల వాలాలె, నోరు తెరవాలె. గా కార్డుల ముఖం మాసిపోయి ఏం కనవడుతలేదు. నేను గవన్ని యాడ సూడాలె? మా కొమురవ్వకు ఐతదని జాతరకు పోయి సూసిన. ఎట్లున్నదో గట్ల చెక్కిన. దొర సెప్పిన దాంట్ల ఒక్కటి తప్పిందా?”

“ఒక్కటీ తప్పలేదు” అన్నాను.

“మరి గిట్లెందుకాయె?”

అతని అసలు బాధ మెల్లగా బయటికి వచ్చింది. వాళ్ల వృత్తిలో కళ్లు అన్నిటికన్నా చివర చెక్కుతారు. ముహూర్తం చూసి, స్నానం చేసి, దేవుణ్ణి తలుచుకుని కళ్లు తెరుస్తారు. ఒకసారి కళ్లు తెరిచాక ఆ ముఖంమీద మళ్లీ ఉలి ఆనకూడదు. ఈ బొమ్మకు కూడా అతను అలాగే చేశాడు.

“నా తండ్రి, తాత అందరు గట్టిగ నిలవడ్డ దేవుళ్లనే చెక్కిన్రు. నేను గూడ. కదిలే మనిషిని చెక్కింది గిదొక్కటే. గా ముఖంమీద ఉలి వెడితె ఇగ జన్మల ఉలి ముట్ట. నాగలి వట్టుకుంట.”

“అయితే కుదరదని చెప్పెయ్యి.”

“మాట ఇచ్చి పని వట్టుకున్న గదా. గుడిల వెట్టుకునేటట్టు చేసి ఇయ్యాలె. గాయన ఒద్దంటె మార్సాలె.” ఆగి అన్నాడు: “ఒక్క ఫాదరే అయితె కాళ్లు వట్టుకుందు. కొమురవ్వ గూడ ముఖం తీసెయ్యమంటున్నది.”

“ఆమెకేమయింది?”

జవాబు సాయిలు చెప్పాడు. “అందరు బొమ్మ కాడికే వోతున్రు పంతులూ. గామె కాడికి ఎవలు వోతలేరు. బొమ్మ అయితె తిట్టది గదా.”

ఆమె ఇంతవరకూ ఆ బొమ్మను చూడలేదట. మల్లన్న వచ్చే ఒళ్లు ఇంకొకరి గుడి దగ్గరికే పోకూడదని పంతం. రేపు మాత్రం ముఖం ఊడగొట్టేది కళ్లారా చూడటానికి వస్తానని కబురు పంపింది. గుడి గడప తొక్కకుండా పందిరి కిందే నిలబడుతుందట.

ఉలి పట్టిన రోజు

మర్నాడు పొద్దెక్కేసరికి పందిరి చుట్టూ రెండు ఊళ్ల జనం. సినిమాకు వచ్చినట్టు పిల్లలను భుజాలమీద ఎక్కించుకున్నారు. ఒకామె బుట్టలో శనక్కాయలు అమ్ముతోంది. ఫాదరుగారు లోపల ప్రార్థనలో ఉన్నారు. వీరాచారి ఉలి, సుత్తి ముందు పెట్టుకుని, ఒకటి చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం.

ఇంతలో జనం రెండుగా చీలారు.

“ఏదిరా? ఏడున్నది నా సవతి?”

కొమురవ్వ వచ్చింది. నేను ఊహించుకున్న మనిషి కాదు. పొట్టిగా, ఎండిన రేగుపండులా ఉంది. ముఖాన పసుపు, బిగించిన పెదవులు, బుగ్గలో పొగాకు, కనుబొమల మధ్య కోపం వేసిన రెండు గీతలు. దారికి అడ్డమొచ్చిన సాయిలును చూసి ఆగింది.

“ఓరి సాయిగా! పోయిన ఏడు నీ ఎద్దుకు రోగమొస్తె ఎవలు జెప్పిన్రు రా మందు? నేనా, రాయా?”

“నువ్వే అవ్వా.”

“మరి బర్రెకు రాయి కాడికెందుకు వోతివి?”

“రాయి దగ్గరయితది గదా అవ్వా. వాగు దాటే పనిలేదు.”

జనం నవ్వారు. ఆమె సాయిలును తోసి, వీరాచారిని దాటి, బొమ్మ ఎదురుగా వెళ్లి నడుంమీద చేతులు వేసుకుని నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచింది.

తిట్టు రాలేదు.

నేను పక్కనే ఉన్నాను కనుక చూశాను. ఆమె చేతులు నడుంమీది నుంచి మెల్లగా జారిపోయాయి. బొమ్మ మెడ చూసింది, తెరిచిన నోరు చూసింది. పక్కకు వెళ్లి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చింది. ఊళ్లో అందరూ ఎన్నోసార్లు చూసిన ముఖం అది. చూడనిది ఆమె ఒక్కతే. దేవుడు వచ్చినప్పుడు తాను ఎలా ఉంటుందో ఆమెకు ఎవరు చూపిస్తారు?

“వీరిగా” అంది, గొంతు తగ్గించి. “గిట్లుంటనా?”

“గిట్లనే ఉంటవవ్వా” అన్నాడు వీరాచారి, ఇంకా తగ్గించి.

అప్పుడే ఫాదరుగారు గుడి మెట్లు దిగి వచ్చారు. “కొమురవ్వ అనే స్త్రీ ఎవరు?” అని అడిగారు. అందరూ వేలు చూపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని ఆమెను చూశారు. బొమ్మను చూశారు. మళ్లీ ఆమెను చూశారు. ఎండిన బుగ్గలు, బిగిసిన పెదవులు, పొగాకు. కళ్లజోడు తీసి తుడుచుకుని ఇంకోసారి చూశారు.

“ఈమెయా?” అన్నారు. “ఈమెకును దీనికిని ఏమి పోలిక?”

అంత జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. శనక్కాయలు నమలడం కూడా ఆపారు. అందరికీ తెలుసు. ఒక్కరు నిజం చెబితే ఉలి లేవాలి. సాయిలు నోరు తెరవబోయాడు, వీరాచారి అతని కాలు తొక్కాడు.

ఫాదరుగారు ఆమె దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగారు. “అమ్మా, నీవే చెప్పుము. ఈ ముఖము నీదేనా?”

వీరాచారి ఆమె వైపు చూడలేదు, తన చేతులవైపు చూసుకుంటున్నాడు. ఆమె మాత్రం ఆ చేతులనే కొంతసేపు చూసింది. తరువాత కొంగు సవరించుకుంది.

“నాదెట్లయితది దొరా?” అంది. “నేను గంత మంచిగుంటనా?”

“అట్లయిన ఈ జనులు ఎందుకు కోళ్లు తెచ్చిరి?”

“బుద్దిలేని ముండలు దొరా, ఎవలు నోరు తెరిస్తె వాళ్లకు తినవెడతరు.” ఆమె జనంవైపు తిరిగింది. ఇప్పుడు గొంతు మళ్లీ పైకి లేచింది. “ఇనుండ్రి! గీ అవ్వ కోడి తినదు. దొరల దేశపు అవ్వ, గామెకు మన కారం వడది. బర్రె తప్పినా, జరమొచ్చినా, కోడి వట్టుకొని వాగు దాటి నా కాడికే రావాలె. గీడికి తెచ్చిన్రో, బర్రె ఇల్లు సేరది, మల్ల నన్ను అనొద్దు!”

“గంతే అవ్వా, గంతే” అన్నారు జనం. వాళ్లకు ఆ ఏర్పాటు బాగానే కనిపించింది. శౌరయ్య ఒక్కడే నీరసంగా స్తంభానికి ఆనుకున్నాడు.

ఫాదరుగారు చాలాసేపు బొమ్మవైపే చూస్తూ నిలబడ్డారు. ఆయన నమ్మారో, నమ్మాలని నిశ్చయించుకున్నారో నేను చెప్పలేను. “నా కన్నులు చూచినదే నేను నమ్మెదను” అన్నారు చివరికి. “ఉలి తీసెయ్యి వీరాచారీ. జల్ది మనుషులను పిలువుము, లోపల పెట్టవలెను.”

వీరాచారి ఉలిని గోచీలో దోపుకుని, గుంపులోకి వెళ్లి అందరినీ తిట్టడం మొదలుపెట్టాడు. తాడు సరిగా కట్టలేదని, దుంగలు అడ్డం పెట్టలేదని. ఇంత సంతోషంగా తిట్టే మనిషిని నేను చూడలేదు. నేను కూడా ఒక తాడు పట్టుకున్నాను. పునీతమ్మ గడప దాటేటప్పుడు నా కాలివేలు దుంగ కింద పడింది. గోరు ఇప్పటికీ నల్లగా ఉంది. మా ఆవిడ అడిగితే ఇటలీ ఆయన తొక్కాడని చెప్పాను.

వాగు దగ్గర

నేను తిరుగు ప్రయాణమైనప్పుడు కొమురవ్వ బండి వెంట నడుస్తూ వచ్చింది. ఎక్కమంటే ఎక్కలేదు. వాగు దగ్గర మా దారి ఒకవైపు, ఆమె దారి ఒకవైపు. సాయిలు ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆపాడు. నేను కూడా దిగాను.

“పంతులూ, నువ్వు సదువుకున్నోనివి. ఒకటి అడుగుత, జెప్తవా?”

“అడుగమ్మా.”

“గా బొమ్మకు నొప్పయితున్నదా, సంబురమయితున్నదా?”

నా పుస్తకంలో ఈ ప్రశ్నమీద ఒక అధ్యాయం ఉంది. నొప్పి అన్నవాళ్లూ ఉన్నారు, ఆనందం అన్నవాళ్లూ ఉన్నారు, రెండూ అన్నవాళ్లూ ఉన్నారు. అందరూ గడ్డాలవాళ్లే. “నాకు తెలియదమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది.

“దేవుడొచ్చిన యాళల నాకు సోయి ఉండది. లేచినంక మూడు పొద్దులు ఒళ్లంత నొస్తది. గందుకే నొప్పే అనుకున్న గిన్నేండ్లు.”

బుగ్గలోని పొగాకు ఉమ్మి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని వాగులో దిగింది. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నడుమకు వెళ్లాక ఆగింది. మేము వెళ్లిపోయామనుకుందో ఏమో, మెల్లగా తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, అలాగే కాసేపు నిలబడింది.

నేను ఎడ్లవైపు తిరిగి సాయిలుతో ఎండ సంగతి మాట్లాడటం మొదలుపెట్టాను.